రాడార్ కూలెంట్‌లో నురుగు, తేమ
సభ్యులందరికీ నమస్కారం. యుద్ధవిమానాల రాడార్లను చల్లబరిచే పాలీఆల్ఫాఓలెఫిన్ (ఒక రకం కృత్రిమ నూనె) ద్రవంలో నురుగు కనిపిస్తే దయచేసి తేలికగా తీసుకోకండి. ద్రవంలో కలిసిన గాలి వేడిని సరిగా మోయదు, పంపులో ఒత్తిడిని నిలవనివ్వదు. తేమ చేరడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అధిక వోల్టేజీ భాగాల మధ్య ప్రవహించే ఈ ద్రవానికి ఇన్సులేషన్ గుణమే, అంటే కరెంటును పారనివ్వని గుణమే, ప్రాణం. పూర్వం వాడిన సిలికేట్ ఎస్టర్ కూలెంట్లు నీటితో చర్య జరిపి, జిగటగా ఉండే సిలికా జెల్‌ను, త్వరగా అంటుకునే ఆల్కహాల్‌ను పుట్టించేవి. అమెరికా సైన్యం వాటిని వదిలి పాలీఆల్ఫాఓలెఫిన్‌కు మారడానికి ముఖ్య కారణం అదే. నా దృష్టిలో కల్తీ ఎక్కువగా సర్వీసింగ్ బండి దగ్గరే మొదలవుతుంది: హైడ్రాలిక్ నూనెకు వాడిన గొట్టాన్నే దీనికీ తగిలిస్తారు, డబ్బా మూత తెరిచి వదిలేస్తారు. నమూనాను పొడి గాజుసీసాలో పట్టి చూడండి. మసకగా ఉంటే విమానంలో నింపకుండా ల్యాబ్‌కు పంపండి.