శిల్పుల ఊపిరి తీస్తున్న పొడి కోత

నగర రోడ్ల పక్కన రాతి విగ్రహాలు చెక్కేవారి ప్రాణాలకు గ్రానైట్ దుమ్ము ముప్పుగా మారింది. నీళ్లు వాడకుండా కోసే చక్రం తిరగగానే తెల్లటి ధూళి లేచి పనివాడి కనుబొమల మీద పేరుకుంటుంది. ముక్కుకు అడ్డం ఒక తువ్వాలు, అంతే. రాతి ధూళిలోని సన్నని సిలికా రేణువులను ఆ గుడ్డ ఆపలేదు, వాటివల్ల ఊపిరితిత్తులకు సోకే సిలికోసిస్ జబ్బు వచ్చాక నయం చేసే మందూ లేదు. సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ విలువిద్యకు వాడిన జేడ్ అనే గట్టి రాతి ఉంగరాన్ని చూసి మురిసిపోతాం. ఉలికి సులువుగా లొంగని ఆ రాయిని గరుకు పొడితో, నీళ్లతో ఓపికగా అరగదీసే తీర్చిదిద్దేవారు. తడి పని కొత్త శాస్త్రమేమీ కాదన్నమాట! పురపాలక, కార్మిక శాఖలు ఈ పనిచోట్లకు నీటి కనెక్షన్లు ఇవ్వాలి. నీళ్లు చిమ్మే కోత యంత్రాలు, సరైన మాస్కులు సబ్సిడీపై అందించి, ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు జరిపించాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్