27 మంది శ్రీనివాసరావులు

ఒరేయ్ రవీ,

హనుమకొండలో లాయరు ఆఫీసు తెరిచావు కదా, క్లయింట్ల కాంటాక్టుల సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అని అడిగావు. కొను. కొనేముందు మా బాగోతం విను.

దసరా సెలవుల్లో పురానీ హవేలీ దగ్గర మా ఆఫీసులో కూర్చుని మా సీనియర్ సార్ పాత డైరీలు, విజిటింగ్ కార్డులు, మా ఫోన్లలోని నంబర్లు అన్నీ ఎక్కించాం. శ్రీనివాసరావులే 27 మంది తేలారు! ఒకరికి ఇంటిపేరు ముందు, ఒకరికి వెనక, ఇంగ్లీషు స్పెల్లింగు ఎవరిది వాళ్ళదే. డూప్లికేట్లు కలిపెయ్యనా అని సాఫ్ట్‌వేర్ అడిగితే నేను ఊఁ అన్నాను. మలక్‌పేట గోడ తగాదా ఆయన, చెక్ బౌన్స్ ఆయన ఒక్కరైపోయారు. కోర్టులు తెరవగానే గోడాయనకి చెక్ బౌన్స్ కేసు తాలూకు నాంపల్లి క్రిమినల్ కోర్టు వాయిదా మెసేజ్ వెళ్ళింది. "నా మీద క్రిమినల్ కేసెప్పుడు పెట్టారండీ?" అని ఫోన్లో ఒకటే టెన్షన్.

అప్పుడు మా గుమాస్తా గారు కుర్చీ లాక్కున్నారు. "పేరుని నమ్మకు బాబూ, తండ్రి పేరు పెట్టు, ఫోన్ నంబరు పెట్టు" అన్నారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వాయిదా చూసుకోవడానికి ప్రతి ఫైలుకీ సి.ఎన్.ఆర్. నంబరు, అదే ఒక్కో కేసుకీ విడిగా ఉండే 16 అక్షరాలు, అంకెల గుర్తింపు నంబరు, కూడా తగిలించాం.

ఆయన ఇంకో రెండు గడులు పెట్టించారు. ఒకటి 'అవతలి పార్టీ'. రెండోది 'వచ్చి వెళ్ళినవాళ్ళు'. అంటే వకాలత్ ఇవ్వకుండా, అదే కేసు మాకు అప్పగించకుండా, సలహా అడిగి, టీ తాగి మాయమైనవాళ్ళన్నమాట. వాళ్ళెందుకండీ అని నవ్వాను.

పోయిన నెల ఒకావిడ తమ్ముడి మీద పార్టిషన్ దావా, అదే ఆస్తి పంపకాల కేసు, వెయ్యాలని వచ్చింది. మంచి ఫీజు. గుమాస్తా గారు ఆ తమ్ముడి పేరు, తండ్రి పేరు సాఫ్ట్‌వేర్‌లో కొట్టి వెతికారు. రెండేళ్ళ కింద అదే ఇంటి కాగితాలు పరిచి, దావా ఎలా వెయ్యాలో సార్‌ని గంటసేపు అడిగి వెళ్ళిన ఆ తమ్ముడే తెర మీదికొచ్చాడు. సార్‌కి గుర్తే లేదు! అలా సలహా ఇచ్చాక అవతలివాళ్ళ తరఫున నిలబడకూడదని లాయర్లకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన 33వ రూలు. పైగా తమ్ముడొచ్చిన సంగతి ఆవిడతో అనకూడదు కూడా. "మేం చెయ్యలేమమ్మా" అని మాత్రం చెప్పి పంపితే, ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది.

అందుకే ఏ కంపెనీది కొన్నా ఆ రెండు గడులూ ఉన్నాయో లేదో చూడు. జూనియర్లకి తలో లాగిన్ ఇవ్వు, మానేసిన రోజే తీసెయ్.

సార్ మాత్రం డైరీ మానలేదు. వచ్చే ఆదివారం వస్తున్నాను, నీ డైరీలు దింపి దుమ్ము దులిపి ఉంచు.

నీ,
శేఖర్