అమ్మ కంటి గడ్డ సంగతి తేల్చిన వారందరికీ కృతజ్ఞతలు

మా అమ్మ కంటిలో పెరిగిన గడ్డ క్యాన్సర్ కాదని పోయిన వారం తేలింది. ఆ మాట తేలేవరకు మాతో నిలబడిన వారందరికీ చేతులెత్తి నమస్కరిస్తూ ఇది రాస్తున్నాను.

కుడికన్ను కింది రెప్పను లాగి చూస్తే, తెల్లగుడ్డు మీద నున్నగా, లేత గులాబీలో నారింజ కలిసిన రంగులో ఒక పొర కనిపించేది. నొప్పి లేదు, చూపూ తగ్గలేదు. డాక్టర్లు ఆ రంగును సాల్మన్ చేప మాంసంతో పోలుస్తారట. మనవాళ్ళకైతే దోరగా పండిన బొప్పాయి ముక్క అంటే తేలిగ్గా అర్థమవుతుంది. మొదట చూపించిన చోట అలర్జీ అన్నారు, తగ్గకపోయేసరికి స్టెరాయిడ్ మాత్రలు రాశారు.

గుంటూరు కొత్తపేటలో మేము కలిసిన డాక్టరమ్మ గారు ఆ చీటీ చూడగానే, "అమ్మా, ముక్క తీసి పరీక్ష చేసేదాకా ఇవి వేసుకోవద్దు" అన్నారు. రోగాలతో పోరాడే లింఫ్ కణాలు గుమిగూడి ఏర్పడే ఇలాంటి గడ్డల్లో మామూలువీ, లింఫోమా అనే క్యాన్సర్‌వీ పైకి ఒకేలా ఉంటాయనీ, స్కాన్‌లో కూడా రెండూ కనుగుడ్డును అంటిపెట్టుకుని దాని ఆకారంలోనే ఒదిగి కనిపించవచ్చనీ, స్టెరాయిడ్లకు రెండూ కరిగి అసలు సంగతి మరుగున పడవచ్చనీ ఓపికగా వివరించారు. ఒకవేళ లింఫోమాయే అయినా, కంటి చుట్టూ వచ్చేవాటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగే రకమనీ, రేడియేషన్‌కు బాగా లొంగుతుందనీ ముందే చెప్పడంతో అమ్మ ఆ రాత్రి నిద్రపోగలిగింది.

తీసిన ముక్కను రెండు చేశారు. ఒకటి కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేశారు. రెండోది పచ్చిగానే, సెలైన్‌లో ఉంచి, కణాల రకాలను లెక్కించే ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్ష కోసం ఆ రోజే విజయవాడ లాబుకు చేర్చాలన్నారు. మా బాబాయి కొడుకు పని మానుకుని వచ్చి, బొటనవేలంత సీసాను దారంతా చేతిలోనే పట్టుకుని తీసుకెళ్ళాడు. నాయనా, నీ మేలు మరువలేను.

ముక్కను పరీక్షించిన పాథాలజిస్టు గారు రిపోర్టు చేతిలో పెట్టి పంపేయకుండా, కూర్చోబెట్టి అర్థమయ్యేలా చెప్పారు. లింఫ్ కణాల్లో ఒక రకమైన బి కణాల మీద కప్పా, లాంబ్డా అనే రెండు రకాల గొలుసుల్లో ఏదో ఒకటి ఉంటుందట; వాపు వల్ల చేరిన గుంపులో రెండు రకాల కణాలూ కలగలిసి ఉంటాయి, ఒకే కణం నుంచి పుట్టుకొచ్చిన లింఫోమాలో దాదాపు అన్నీ ఒకే రకంగా ఉంటాయి. అమ్మ ముక్కలో రెండూ ఉన్నాయి. వేగంగా విభజన చెందే కణాలను చూపే కి-67 రంగు కూడా చెదిరిపోకుండా, లింఫ్ కణాలు మామూలుగా పెరిగే గుండ్రటి కేంద్రాల లోపలే కనిపించిందన్నారు. ఏ ఒక్క గుర్తునో పట్టుకుని నిర్ణయించలేదనీ, కణాల అమరికతో సహా అన్నీ కలిపి చూశాకే, వాపు వల్ల లింఫ్ కణాలు పెరగడమే తప్ప క్యాన్సర్ కాదనే అర్థంలో రియాక్టివ్ హైపర్‌ప్లేసియా అని రాశామనీ చెప్పారు.

ఇలాంటివి కొందరిలో ఏళ్ళ తరువాత లింఫోమాగా బయటపడవచ్చు కాబట్టి, అమ్మను ఆరు నెలలకొకసారి తీసుకురమ్మన్నారు. తదుపరి తేదీని డాక్టరమ్మ గారు స్వయంగా పెద్ద అక్షరాలతో రాసిచ్చారు. ఆ చీటీ మా ఇంట్లో క్యాలెండర్ పక్కనే అతికించి ఉంది.