ఆటంకమంటే దేవుడు వద్దన్నట్టేనా?

సంపాదక మహాశయులకు నమస్కారములు.

మా జడ్చర్ల ప్రాంతంలో పిల్లల చదువుకో, ఉద్యోగానికో ఆటంకం కలిగిన వెంటనే ‘అది దేవుని చిత్తం కాదేమో’ అని పెద్దలు తేల్చివేయడం చాలా బాధ కలిగిస్తోంది. ఆదాయ ధ్రువపత్రం సకాలంలో చేతికందక నర్సింగ్ సీటు పోగొట్టుకున్న ఒక అమ్మాయికి మా క్రైస్తవ సంఘంలో కొందరు ఇదే మాట చెప్పి, మరుసటి ఏడాది దరఖాస్తు కూడా మాన్పించారు. కాగితం రాకపోవడం కార్యాలయపు జాప్యం. దాన్ని దేవునికి అంటగట్టడం న్యాయం కాదు.

బైబిల్‌లోని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో, ఆసియలో (నాటి రోమా రాష్ట్రం) వాక్యం చెప్పకుండా, పొరుగునున్న బితూనియకు వెళ్లకుండా పరిశుద్ధాత్మ ఆటంకపరచినా అపొస్తలుడైన పౌలు బృందం ఇంటిముఖం పట్టక త్రోయ అనే రేవు పట్టణం వరకు సాగింది. అక్కడ రాత్రి వేళ మాసిదోనియ దేశస్థుడొకడు తమ దేశానికి వచ్చి సహాయం చేయమని వేడుకున్నట్టు పౌలుకు దర్శనం కలిగాక, అందరూ కలిసి నిశ్చయించుకుని ఓడ ఎక్కారు. పిలుపు అంత స్పష్టమైనా మాసిదోనియలోని ఫిలిప్పీలో దెబ్బలు, చెరసాల తప్పలేదు. థెస్సలొనీకకు రాకుండా తనను అడ్డగించినది సాతాను అని అదే పౌలు రాశాడు. ప్రతి ఆటంకానికీ ఒకే అర్థం ఎలా చెప్పగలం?

ప్రార్థనకు, వాక్య పరిశీలనకు, అనుభవజ్ఞుల సలహాకు కొంత కాలం ఇవ్వాలి. సంఘ పెద్దలు తీర్పు చెప్పే ముందు ఆ పిల్లల వెంట కార్యాలయానికి వెళ్లి, దరఖాస్తు మళ్లీ పెట్టించాలని నా మనవి.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా