ఆరు పిల్లలూ క్షేమం, మీ అందరికీ కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం ఆరో కోడిపిల్ల కూడా పెంకులోంచి బయటపడింది. తడిసిన దూదిముద్దలా ఉన్నది రాత్రికల్లా ఆరి, తల్లి రెక్క కింద నుంచి తల బయటపెట్టి చూస్తోంది. ఈ కబురు ముందు పక్కింటి పెద్దమ్మకి చెప్పాలని పరిగెత్తాను. ఆవిడకి అప్పటికే తెలుసు, గోడ అవతల నుంచి కిచకిచలు విందట.

నేను సిటీలో, అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో పెరిగినవాణ్ణి. పల్లెకొచ్చి ఏడాది కాలేదు. నాలుగు పెట్టలు తెచ్చుకున్న రోజు నాకు తెలిసిందల్లా గింజలు వేస్తే గుడ్లు పెడతాయని. మొదటి నెలలోనే ఒకటి పోయింది. గూటికి నాలుగు వైపులా వల కట్టాను, తలుపుకి తాళం కూడా వేశాను. తెల్లారి చూస్తే మూలన చిన్న గుంత, బయట ఈకలు. ముంగిస కింద నుంచి తవ్వుకొచ్చింది. నేల సంగతి నేను ఆలోచించనే లేదు. ఆ రోజు పెద్దమ్మగారబ్బాయి, ఎవరూ పిలవకుండానే, గునపం పట్టుకుని వచ్చాడు. గూటి చుట్టూ జానెడున్నర లోతు తవ్వి, వేలు దూరని గట్టి మెష్ దించి, అడుగున బయటి వైపుకి వంచి మట్టి కప్పేశాడు. "అది గోడ మొదట్లోనే తవ్వుద్దన్నా, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు" అన్నాడు. ఆ తర్వాత రెండుసార్లు గోళ్ల గీతలు కనబడ్డాయి కానీ లోపలికి ఏదీ రాలేదు. తమ్ముడూ, నీ గునపం ఇంకా మా వసారాలోనే ఉంది.

ఇక ఎర్రపెట్ట సంగతి. ఉన్నట్టుండి అది గూట్లోంచి లేవడం మానేసింది. దగ్గరికెళ్తే ఒళ్లంతా ఉబ్బించి గుర్రుమనేది. గింజల వంక చూసేది కాదు. రొమ్ము మీద ఈకలు ఊడి చర్మం కనబడుతోంది. నాకు ఒకటే టెన్షన్. రాత్రి తొమ్మిదింటికి పశువుల డాక్టరుగారికి ఫోన్ చేసి, పెట్ట చచ్చిపోయేలా ఉందని చెప్పాను. ఆయన అంతా విని, "రోజుకోసారి లేచి పెద్ద రెట్ట వేస్తోందా?" అని అడిగారు. వేస్తోంది, ఆ వాసనకి అక్కడ నిలబడలేం. "అయితే జబ్బు కాదండీ, పొదుగుకొచ్చింది. ఒంటి వేడి గుడ్లకి తగలాలని ఈకలు అదే పీక్కుంటుంది" అన్నారు. అంత రాత్రివేళ విసుక్కోకుండా మాట్లాడినందుకు, డాక్టరుగారూ, మీకు దణ్ణం.

ఇంకేముంది, మూడు వారాల్లో పిల్లలొస్తాయని మర్నాడు పెద్దమ్మకి గొప్పగా చెప్పాను. ఆవిడ గూట్లోకి వంగి చూసి, "పుంజేదిరా?" అంది.

పుంజు లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, వాటిలోంచి పిల్లలు మాత్రం రావు. పాపం ఎర్రపెట్ట ఎన్ని రోజులు కూర్చున్నా ఫలితం ఉండేది కాదు. పెద్దమ్మ నా ఎదుట నవ్వలేదు (ఇంటికెళ్లి నవ్వుకునే ఉంటుంది). చీకటి పడ్డాక చిన్న బుట్టలో వాళ్ల కోళ్ల గుడ్లు తొమ్మిది తెచ్చింది. చీకట్లో పెట్ట మందకొడిగా ఉంటుంది, పొడవదు. పాతవి తీసేసి కొత్తవి ఒక్కొక్కటే దాని పొట్ట కిందకి తోసింది. ఒక్కో గుడ్డు మీదా పెన్సిల్‌తో గీత గీయించింది. మిగతా పెట్టలు అక్కడే గుడ్లు పెట్టిపోతే ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలి కదా.

ఏడో రాత్రి గుడ్డు వెనక టార్చ్ పెట్టి చూపించింది. లోపల ఎర్రటి సాలీడు కాళ్లు చాపుకున్నట్టు సన్నటి రక్తనాళాలు! రెండు గుడ్లలో ఏమీ కనబడలేదు, వాటిని తీసేశాం. ఏడు మిగిలాయి. చివర్లో ఒకటి చిట్లనే లేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఒక గుడ్డుకి ఆవగింజంత బొక్క పడింది. లోపల నుంచి ముక్కు కొట్టుకుంటున్న చప్పుడు. గంట, రెండు గంటలు, మధ్యాహ్నం అయింది, బొక్క అంతే ఉంది. నా ప్రాణం ఆగలేదు. గోటితో కాస్త పెంకు తీద్దామని చెయ్యి పెట్టాను. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ముట్టుకోకు. ఇప్పుడు తీస్తే నెత్తురొస్తుంది. అది అలిసిపోయి పడుకుంది, లేచి మళ్లీ కొట్టుకుంటుంది" అంది. డాక్టరుగారిని అడిగితే అదే మాట. పెంకు లోపలి పొరలో నెత్తురు ఇంకా పారుతూ ఉంటుందట, పచ్చసొన పిల్ల పొట్టలోకి ఇంకా పోతూ ఉంటుందట. ఆ పిల్ల బయటపడేసరికి తెల్లారింది. నాకు నిద్ర లేదు, పెద్దమ్మ మాత్రం హాయిగా పడుకుంది.

పిల్లలకి మొదటి వారంలోనే కొక్కెర తెగులు (కోళ్లకొచ్చే అంటురోగం) రాకుండా టీకా చుక్క వేయించాలి. ఒక సీసా కలిపితే వంద పిల్లలకైనా సరిపోతుంది, కలిపాక దాచిపెట్టడం కుదరదు. ఇంకెవరింట్లోనైనా ఈ వారం పిల్లలు దిగి ఉంటే నాకు చెప్పండి, అందరం ఒకేసారి వేయిద్దాం. డాక్టరుగారు వస్తానన్నారు.

పెద్దమ్మా, నీకు రెండు పెట్టలిస్తానని మాటిచ్చాను. ఇందులో పెట్టలేవో పుంజులేవో తెలిసేదాకా ఆగాలట. ఎన్ని వారాలని అడిగితే నువ్వేమో "నీకేం తొందరరా" అంటావు.