మీ టూర్ మేనేజర్ రాసిచ్చిన చీటీ సంగతి

రాజమహేంద్రవరం,
నవంబర్ 2025.

గౌరవనీయులైన జనరల్ మేనేజర్ గారికి,

విషయం: మే నెల యూరప్ టూరులో రద్దయిన స్విట్జర్లాండ్‌లోని యుంగ్‌ఫ్రౌ మంచుకొండ యాత్ర, ఆరు నెలలుగా మాకు ఎవరూ జవాబు చెప్పకపోవడం గురించి.

అయ్యా,

మీ సంస్థకు ఇది నా ఐదో ఉత్తరం. ముందు నాలుగూ ఈమెయిల్‌లో పంపాను. నాలుగింటికీ "మీ ఫిర్యాదు అందింది, 48 పని గంటల్లో స్పందిస్తాం" అని మీ కంప్యూటరే ఒకే ముక్క పంపింది. మనిషన్నవారెవరూ రాయలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకునే మనిషైనా ఒకరు ఉంటారని నా ఆశ.

మేం మీకు కొత్తవాళ్లం కాదు. 2016లో కాశీ, గయ, ప్రయాగ మీతోనే చూశాం. 2019లో సింగపూర్, మలేషియా మీతోనే వెళ్లాం. తిరిగొచ్చాక మా స్కూల్లో టీచర్లకీ, మా వీధిలోవాళ్లకీ మీ పేరు నేనే చెప్పాను. నా మాట మీద మీ దగ్గర బుక్ చేసుకున్నవాళ్లు పద్నాలుగు మంది. ఎవరి దగ్గరా కమీషన్ ఆశించి చెప్పలేదు, మీరు బాగా చూసుకున్నారు కాబట్టి చెప్పాను.

యూరప్ విషయంలో మాత్రం మా ఇంట్లో నెల రోజులు తర్జనభర్జన జరిగింది. మా చెల్లెలు, మరిది సొంతంగా వెళ్దామని ముందే నిర్ణయించుకున్నారు. "అక్కా, నువ్వూ బావగారూ మాతో రండి. స్విస్ ట్రావెల్ పాస్ ఒకటి కొంటే రైలు, బస్సు, పడవ అన్నీ దాని మీదే ఎక్కచ్చు. నచ్చిన ఊళ్లో రెండ్రోజులు ఎక్కువ ఉందాం" అంది. ఆ మాట నాకు నచ్చింది కూడా. కానీ మావారికి గుండెలో స్టెంట్ వేశారు. స్టేషన్ స్టేషన్‌కీ సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ప్లాట్‌ఫారాలు మారడం ఆయన వల్ల అవుతుందా? యూరప్ దేశాలకి కావలసిన షెంజెన్ వీసా కాగితాలు, 30,000 యూరోల ఇన్సూరెన్స్, హోటల్ బుకింగులు, ఇవన్నీ మేం తప్పుల్లేకుండా చేసుకోగలమా? భాష తెలియని ఊళ్లో రాత్రిపూట ఆయనకి ఆయాసం వస్తే ఎవర్ని పిలవాలి? ఇవీ నా భయాలు.

ఆ సమయంలోనే మీ బ్రాంచి అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ఆత్రేయపురం పూతరేకులు పెట్టాను, తిన్నాడు. మావారి మందుల పెట్టె చూసి, "అమ్మా, సొంతంగా వెళ్తే ఏదైనా తేడా జరిగినప్పుడు అడగడానికి ఎవరుంటారు? మాతో వస్తే మేమున్నాం" అన్నాడు. సార్, నేను ఆ ఒక్క మాట మీద చెక్కు రాశాను. హోటళ్లు మేం కూడా వెతుక్కోగలం, బస్సు సీటు ఎక్కడైనా దొరుకుతుంది. ఇద్దరికీ 6,40,000 రూపాయలు, పైన 5 శాతం టీసీఎస్ పన్ను 32,000. చెల్లెలు వాళ్ల ఖర్చు కంటే బాగా ఎక్కువేనని తెలిసే కట్టాం. అడగడానికి ఒక మనిషి ఉంటాడని కట్టాం.

టూరులో జరిగింది క్లుప్తంగా చెబుతాను. ప్యారిస్ నుంచి ఉదయం బయల్దేరాల్సిన రోజు, మమ్మల్ని సెంట్ల దుకాణంలో మూడు గంటలు కూర్చోబెట్టారు. అది మా షెడ్యూలులో లేదు. బస్సు స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. యూరప్‌లో బస్సు డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావుగంట ఆగాలి, రోజు ముగిశాక మామూలుగా పదకొండు గంటల విశ్రాంతి తీసుకోవాలి. ఇది అక్కడి చట్టం, మంచి చట్టం. ఆ డ్రైవర్ మీద నాకు కోపం లేదు. కానీ దానివల్ల మర్నాడు మధ్యాహ్నం దాకా బస్సు కదల్లేదు. యుంగ్‌ఫ్రౌ పోయింది. 3,454 మీటర్ల ఎత్తున, కొండను తొలిచి 1912 నాటికి పూర్తిచేసిన దారిలో రైలెక్కి చేరే మంచు కనుమ. మీ బ్రోషరు అట్ట మీద బొమ్మ అదే. దానికి బదులు లూసర్న్‌లో చెక్క వంతెన చూపించి, సరస్సు ఒడ్డున వదిలేశారు.

మీ టూర్ మేనేజర్ మంచి కుర్రాడు, అది కూడా రాయాలి. మావారికి రోజూ వేణ్ణీళ్లు తెచ్చిచ్చేవాడు. ఆ రోజు తలొంచుకుని నిలబడి, "మా ఆలస్యం వల్లే రద్దయింది, ఈ భాగం డబ్బు ఆఫీసు వాపసు ఇస్తుంది" అని మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. నేను అక్కడితో ఊరుకున్నాను. ప్రయాణమన్నాక ఒకటి తప్పిపోతుంది. ఇంటికొచ్చాక మీరు చేసింది మాత్రం నేను మర్చిపోలేను.

జూన్ మొదటి వారంలో మీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేశాను. ఏ అంకె నొక్కినా హిందీ, ఇంగ్లిషే వస్తాయి, తెలుగు మాత్రం లేదు. ఒకమ్మాయి చీటీ ఫోటో పంపమంది, పంపాను. పది రోజుల తర్వాత ఇంకో అబ్బాయి ఎత్తి, ఫోటో ఏదీ రాలేదన్నాడు. మళ్లీ పంపాను. మూడోసారి చేస్తే మూడో మనిషి. మళ్లీ బుకింగ్ నంబరు దగ్గర్నుంచి మొదలు. ప్రతిసారీ ఆ కథంతా, ప్యారిస్, బస్సు, డ్రైవరు, మొదటి నుంచి చెప్పుకొచ్చాను. వింటున్నట్టే ఉండి చివర్లో "ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?" అంటారు. మొదటిదే ఇంకా కాలేదు కదా నాయనా అంటే లైను కట్.

సరే, మా ఊరి బ్రాంచికే వెళ్దామని వెళ్లాను. పూతరేకులు తిన్న అబ్బాయి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయాడు. అరగంట కూర్చున్నాక వచ్చి, "నాది సేల్స్ అండీ. టూరు అయ్యాక ఆపరేషన్స్ వాళ్లు చూస్తారు" అన్నాడు. ఆ తర్వాత నా నంబరు ఎత్తడం మానేశాడు. మావారి ఫోన్ నుంచి చేస్తే ఎత్తి, నా గొంతు వినగానే మీటింగ్‌లో ఉన్నానన్నాడు. "మేమున్నాం" అన్నది ఈ అబ్బాయే. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే కదా.

జూలైలో ఆపరేషన్స్‌లో ఒకాయన దొరికాడు. ఆయన చెప్పింది విని నా ఒళ్లు మండింది. "వాతావరణం బాగాలేక రద్దయినట్టు మా రికార్డులో ఉంది, ప్రకృతి కారణాలకు వాపసు లేదు" అన్నాడు. సార్, సరిగ్గా ఆ రోజే మా చెల్లెలు ఆ కొండ మీద ఉంది! వాళ్లు ఇంటర్‌లాకెన్‌లో నాలుగు రోజులు దిగారు. మొదటి రెండు రోజులు పైన మబ్బు కమ్మి ఉందని కొండ మీది కెమెరాలో చూసుకుని ఆగారు. మూడోనాడు తెరిపివ్వగానే గ్రిండెల్వాల్డ్ నుంచి కేబుల్ కారు, ఆపైన రైలు ఎక్కి వెళ్లారు. సొంతంగా వెళ్లినవాళ్లకి ఆ వెసులుబాటు ఉంటుంది. తెల్లటి మంచు, నీలంగా ఆకాశం, ఆ ఫోటో తేదీతో సహా మీకు పంపాను. దానికి జవాబు లేదు. రికార్డులో అబద్ధం రాసింది ఎవరో తెలుసుకోవాలని మీలో ఒక్కరికీ అనిపించలేదు.

ఆగస్టులో, టూర్ మేనేజర్ ధ్రువీకరిస్తే చూస్తామన్నారు. ఆయన సంతకం చీటీ మీద ఉంది కదా అన్నాను. ఆయన ఉద్యోగం మానేశాడట, అందుకని చెల్లదట. నేను ముప్పై రెండేళ్లు టీచరుగా చేశాను. బదిలీ అయిపోయాను కదా అని, నేను సంతకం పెట్టిన మార్కుల జాబితా చెల్లదని ఏ బడీ అనలేదు.

సెప్టెంబరులో, వచ్చే మార్చిలోపు మళ్లీ బుక్ చేస్తే 5,000 తగ్గిస్తామన్నారు. అక్టోబరులో మీ దగ్గర్నుంచే ఫోన్. సంతోషంగా ఎత్తాను. జపాన్ చెర్రీ పూల టూరు కొంటారా అని! అచ్చ తెలుగులో మాట్లాడింది ఆ అమ్మాయి. అమ్మడానికి తెలుగు వచ్చినవాళ్లు ఉన్నారు, వినడానికి లేరు. ఆ వారంలోనే "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజ్ వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారు "పోనీ వదిలెయ్, డబ్బు కోసం ఆరోగ్యం పాడుచేసుకుంటావా" అంటున్నారు. ఈ వయసులో నన్ను అబద్ధాలాడి డబ్బు గుంజే మనిషిలా చూశారు, అది వదలలేకపోతున్నాను.

చీటీలో రాసిన ప్రకారం ఇద్దరి యుంగ్‌ఫ్రౌ ఖర్చు వాపసు ఇవ్వాలి. రికార్డులో ఉన్న ఆ వాతావరణం మాట కొట్టేసి, ఆ సంగతి నాకు రాతపూర్వకంగా తెలపాలి. మీ స్థాయి మనిషి ఒకరు నాతో ఒక్కసారి తెలుగులో మాట్లాడాలి.

ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో ఇది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తాను. తర్వాత మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, రెండేళ్ల గడువుంది. మేం కట్టిన సొమ్ముకి ఫీజు 200 రూపాయలు. రిటైరైనదాన్ని, వాయిదాలకి తిరగడానికి నాకు సమయముంది. నా మాట మీద మీ దగ్గరికి వచ్చిన ఆ పద్నాలుగు మందికీ ఈ ఉత్తరం ప్రతి ఇస్తున్నాను.

చీటీ నకలు, చెల్లెలి ఫోటో, మీరు పంపిన మెసేజ్‌లు అన్నీ జతపరిచాను. నా ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది, జపాన్ టూరు గురించి చేసిన నంబరే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మావారు పడుకుంటారు. ఆ సమయం తప్పించి ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
మీతో మూడుసార్లు ప్రయాణించిన
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని.