జామ పెట్టేముందు ఈ ఈగ సంగతి విను

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో మామిడి మొక్కల మధ్య ఖాళీలో తైవాన్ జామ పెడతానన్నావు కదా. సగం చెప్పేలోపే సిగ్నల్ పోయింది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. పెట్టొద్దని కాదురా. పండు ఈగ సంగతి తెలుసుకుని పెట్టు.

పోయిన వానాకాలం మా జామ ఏమైందో నీకు పూర్తిగా చెప్పలేదు. కాయ పైకి నిగనిగలాడేది. దగ్గరగా చూస్తే సూదితో పొడిచినంత మచ్చ. కోస్తే లోపలంతా తెల్లటి పురుగులు, కింద పడితే ఎగిరి గెంతుతాయి. మా చిన్నది కొరకబోతుంటే చేతిలోంచి లాక్కున్నాను. గంపలకెక్కిన కాయ కంటే గోతిలో పూడ్చిందే ఎక్కువ. ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేకపోయాను.

వెంటనే మగ ఈగల్ని వాసనతో రప్పించి పట్టే బుట్టలు తెచ్చి కట్టాను. పది రోజులైనా జామలో ఒక్క ఈగ పడలేదు. పక్క చేలో దోసపాదుల దగ్గర కట్టిన బుట్ట మాత్రం నిండింది! దుకాణంలో బుట్టలో పెట్టమని ఇచ్చిన వాసన బిళ్ళ క్యూ లూర్ అనే రకం. దోస, కాకర, బీర, సొర మీద వాలే ఈగ వేరు, దాని మగవాటికి ఆ వాసన కావాలి. మామిడి, జామ మీద పడే ఈగలకు మిథైల్ యూజినాల్ అనే ఇంకో వాసన కావాలి. తులసి ఆకుల్లోనూ ఉంటుందది. ఆకులు నలిపి కొబ్బరిచిప్పలో పెడితే మగ ఈగలు వచ్చి వాలతాయి. చిన్నప్పుడు రేగుపళ్ళలో చూశామే పురుగు, అది ఎక్కువగా ఇంకో రకం ఈగది. అది రేగు జాతిని దాటి పోదు.

మన మామిడి ఈగ అలా కాదురా. బాక్ట్రోసెరా డార్సాలిస్ అనే రకం ఒక్కటే 300కు పైగా మొక్కల కాయల్లో బతుకుతుంది. అసలు తంటా ఇక్కడే ఉంది. మామిడి పచ్చికాయగా, తొక్క గట్టిగా ఉన్నంతకాలం దాని జోలికి పెద్దగా రాదు. పక్వానికొస్తే మొదలు. ముందు దిగే బంగినపల్లి చాలావరకు తప్పించుకుంటుంది, తొలకరి దాకా చెట్టునుండే కాయకే దెబ్బ ఎక్కువ. మామిడి అయిపోయేసరికి నీ జామ తయారుగా ఉంటుంది. తొక్క పలుచన, గుజ్జు మెత్తన, గాలిలో తేమ, దానికింకేం కావాలి? తర్వాత సీతాఫలం, మళ్ళీ జామ. అరటి గెల పచ్చిగానే కొట్టేస్తాం కాబట్టి బతికిపోతుంది. బొప్పాయి కూడా పాలు కారేంత పచ్చిగా ఉంటే క్షేమమే, చెట్టున పండనిస్తేనే పోతుంది. అంటే మామిడి మధ్య జామ పెడితే ఆ ఈగకు ఏడాదంతా భోజనం పెట్టినట్టే.

మీ బోరు షెడ్డు పక్కన మీ నాన్నగారు నాటిన నాటు బాదం చెట్టుంది చూశావా, దాని పళ్ళంటే కూడా ఈ ఈగకు ప్రాణం. కొట్టెయ్యమనను, నాకూ ఆ నీడ ఇష్టమే. రాలిన పళ్ళు మాత్రం రోజూ ఏరించు. జామైనా మామిడైనా అంతే. పురుగు కాయలోంచి దిగి మట్టిలో కోశస్థ దశకు పోతుంది, అంటే గుల్లలాంటి దానిలో కదలకుండా ఉంటుంది, ఆ తర్వాత ఈగై బయటికొస్తుంది. రాలినవి రెండడుగుల లోతున పూడ్చు, లేదా నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఎండలో పడెయ్.

జామ కాయలు నిమ్మకాయంత అయ్యేసరికి కవర్లు తొడిగించు. కూలి ఖర్చవుతుంది, అయినా నేను చూసినవాటిలో అంత గట్టి అడ్డు ఇంకోటి లేదు. బుట్టల్ని ఒక్కటే నమ్ముకోకు, వాటిలో పడేవి మగవే. వీలైతే వేసవిలో నీళ్ళు ఆపి వానాకాలపు కాపు వదులుకో, చలికాలం కాపు తీసుకో. అప్పుడు ఈగ ఉధృతి తక్కువ.

2014లో యూరప్ వాళ్ళు మన మామిడి ఆపేశారు, గుర్తుందా? మామిడితో పాటు కాకర, పొట్ల, వంకాయ, చేమ కూడా ఆపారు. సరుకులో పండు ఈగ లాంటి పురుగులు కనబడ్డాయనే. 2015లో మామిడికి మళ్ళీ దారి ఇచ్చారు. ఎగుమతి కాయను 48 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచేది కూడా దీనికోసమే.

ఉత్తరంతోపాటు నాలుగు బుట్టలు పంపుతున్నా, అన్నీ మిథైల్ యూజినాల్‌వే. మొదటిది ఆ బాదం చెట్టుకే కట్టు. వారం తర్వాత ఎన్ని పడ్డాయో లెక్కపెట్టి నాకు రాయి. మొక్కలకు డబ్బు కట్టేది ఆ తర్వాతే.

అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
రాంబాబు